వంశపారంపర్యం అంటే తలరాత కాదప్పా

సంక్రాంతికి జమ్మలమడుగు పోతూ బెంగుళూరు నుంచి ఒక బీపీ మిషను వెంట తీసుకుపోయాను. కనుమ రోజు పొద్దున్నే, కాఫీలు కూడా కాకముందే, ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళందరినీ ఒక్కొక్కరిగా కుర్చీలో కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండమని చెప్పి (మా ఇంట్లో ఇదే అన్నిటికంటే కష్టమైన పని :)), రెండేసి సార్లు చూశాను. పులివెందుల నుంచి మామావాళ్ళు, ప్రొద్దుటూరు నుంచి చిన్నాయనవాళ్ళు వచ్చి ఉండారు. మొత్తం పదకొండు మంది. అందులో ఐదుగురికి 140/90 దాటింది. ఆ ఐదుగురిలో తమకు బీపీ ఉందని ముందే తెలిసినవాళ్ళు ఇద్దరు. మాత్ర వేసుకుంటున్నది ఒక్కరు.

ఇదేమీ సర్వే కాదు, నాకూ తెలుసు. నన్ను కదిలించింది ఆ అంకెలు కాదు. ఎవ్వరూ ఆశ్చర్యపోకపోవడం. మామ చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ "మన ఇండ్లల్లో అందరికీ ఉండేదే గదప్పా, వంశంలో ఉండాది" అన్నాడు. చిన్నాయన తలూపినాడు. అంతే, మాట మళ్ళీ చెనిక్కాయల ధర మీదికి పోయింది.

ఈ మాట నేను కొత్తగా వినలేదు. ఇరవై ఏండ్ల కిందట మా నాయన కూడా ఇదే మాట అన్నాడు. మాత్రలు రాసిచ్చిన మూడు నెలలకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు అని మానేసినాడు. నేను ఫోన్లో గొడవపడితే "మీ జేజబ్బకు ఉండె, నాకుండాది, రేపు నీకూ వచ్చాది. రాసిపెట్టిందాన్ని మాత్ర మింగి ఎవడు తప్పించుకుంటాడ్రా" అన్నాడు. 2014లో ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది. ముప్పై ఏండ్లు బళ్ళో బోర్డు మీద రాసిన కుడి చెయ్యి అది. ఇప్పుడు బ్యాంకులో వేలిముద్ర వేస్తాడు. ఇంట్లో మాత్ర వేసుకుంటున్న ఆ ఒక్కరు ఆయనే.

అందుకే ఈ టపా. నేను డాక్టర్ని కాదు, పొద్దున లేస్తే కోడు రాసుకునేవాణ్ణి. కానీ ఈ "వంశంలో ఉంది" అనే మాట గురించి కొన్నేళ్ళుగా చదువుతున్నాను. నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఆ మాట నిజమే, కానీ దాన్నుంచి మనవాళ్ళు తీసుకునే అర్థం పూర్తిగా తలకిందులు. వంశంలో ఉందంటే వదిలేయమని కాదు, అందరికంటే ముందే చూసుకోమని.

ముందు మా నాయన వైపు వాదన. జన్యువుల పాత్ర లేదని ఎవడైనా అంటే నమ్మొద్దు. 1970ల్లో కెనడాలోని మాంట్రియల్‌లో దత్తత పిల్లలున్న కుటుంబాలను తీసుకుని ఇంటిల్లిపాదికీ బీపీ కొలిచారు. ఒకే ఇంట్లో, ఒకే వంట తింటూ పెరిగినా, కన్నపిల్లల బీపీ తల్లిదండ్రులతో పోలినంతగా దత్తత పిల్లల బీపీ పోలలేదు. కవలల మీద చేసిన అధ్యయనాలు కూడా ఇదే చెప్తాయి. మనిషికీ మనిషికీ బీపీలో ఉండే తేడాల్లో సుమారు 30 నుంచి 50 శాతం పుట్టుకతో వచ్చినవాటి లెక్కలోకి పోతుందని అంచనా. అంటే మా జేజబ్బ, మా నాయన, నేను... మాలో ఏదో ఉంది. ఒప్పుకుంటాను.

మరి ఆ "ఏదో" ఎట్లాంటిది? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

మా సాఫ్టువేరు వాళ్ళకు రెండు రకాల తలనొప్పులు ఉంటాయి. ఒకటి, ఎక్కడో ఒక్క లైను తప్పు రాస్తే ప్రోగ్రాము మొత్తం కుప్పకూలడం. ఆ లైను దొరికితే పని అయిపోయినట్టే. రెండోది, ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది గానీ నిదానంగా నడుస్తుంది. తీరా చూస్తే తప్పు ఏ ఒక్క లైనులోనూ ఉండదు, వెయ్యి చోట్ల పిసరంత పిసరంత ఆలస్యం ఉంటుంది. పైగా సర్వరు మీద భారం పెరిగితే తప్ప అది బయటపడదు. వంశపారంపర్య జబ్బుల్లో కూడా అచ్చం ఈ రెండు రకాలూ ఉన్నాయి. మనవాళ్ళు రెండింటినీ ఒకే గాట కడతారు.

మొదటి రకానికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ప్రొద్దుటూరు అంటే బంగారం అంగళ్ళు, బట్టల కొట్లు, కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాలలో దసరా. ఆ వ్యాపారాల్లో ఎక్కువగా ఉండే ఆర్యవైశ్యుల గురించి జన్యుశాస్త్రంలో ఒక ప్రసిద్ధమైన సంగతి ఉంది. హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో భారతీయ సముదాయాల జన్యు చరిత్రను ప్రచురించారు. ఆంధ్ర వైశ్యులు రెండు మూడు వేల ఏళ్ళ కిందటి నుంచీ ఎక్కువగా తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చారని ఈ పరిశోధనల అంచనా. దానివల్ల ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల్లో ఉన్న మార్పులు ఇప్పుడు లక్షలమందిలో కనబడతాయి. అందులో ఒకటి, ఒక ఎంజైము తక్కువగా తయారవడం. మామూలు జీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ చేసేటప్పుడు కండరాలు వదులవడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు మాత్రం, కొన్ని నిమిషాల్లో విరగాల్సింది, వాళ్ళలో కొందరికి గంటల తరబడి విరగదు. తెలిసిన మత్తు డాక్టరు ముందే అడిగి వేరే మందు వాడతాడు. ఒక్క జన్యువు, ఒక్క ప్రశ్న, ఒక్క జాగ్రత్త. అదీ ఒక్క లైను తప్పు.

బీపీ కూడా ఇట్లాంటిదేనని ఒకప్పుడు పెద్ద పెద్దవాళ్ళే అనుకున్నారు. 1950ల్లో బ్రిటన్‌లో రాబర్ట్ ప్లాట్ అనే డాక్టరు, బీపీ ఒక ప్రత్యేకమైన జబ్బు, ఒకే జన్యువు వల్ల వస్తుంది, కొందరికి ఉంటుంది కొందరికి ఉండదు అని వాదించాడు. జార్జ్ పికరింగ్ కాదన్నాడు. ఎత్తు ఎట్లాగో బీపీ కూడా అట్లాగే, పొట్టివాళ్ళు పొడుగువాళ్ళు అని రెండు జాతులు లేవు, అందరూ ఒకే గీత మీద వేర్వేరు చోట్ల ఉంటారు, చిన్న చిన్న కారణాలు ఎన్నో కలిసి మనిషిని ఆ గీత మీద ఒకచోట నిలబెడతాయి అన్నాడు. ఆ వాదన ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి పికరింగే గెలిచాడు. ఎంత గెలిచాడంటే, 2018లో పదిలక్షల మందికి పైగా డేటా తీసి చూస్తే బీపీతో సంబంధమున్న చోట్లు మన డీఎన్ఏలో 901 తేలాయి. 2024లో వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనంలో విడివిడి సంకేతాలు రెండువేలు దాటాయి. వీటిలో ఒక్కొక్కటి బీపీని ఎంత పెంచుతుందో తెలుసా? చాలావరకు ఒక పాయింటు కూడా ఉండదు. అన్నీ కలిపి లెక్కగట్టినప్పుడే అసలు తేడా కనబడుతుంది. ఆ 2024 అధ్యయనంలో, జన్యు స్కోరు అన్నిటికంటే తక్కువున్న పదో వంతుకూ ఎక్కువున్న పదో వంతుకూ మధ్య పై అంకెలో తేడా సుమారు 17 పాయింట్లు. అది చిన్నదేమీ కాదు. కానీ అదేమీ ఇనపగోడ కూడా కాదు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న: "మేనరికాల వల్లే గదా ఇదంతా?" మా సీమలో మేనరికాలు ఎక్కువే, మా ఇంట్లోనూ ఉన్నాయి. మేనరికంతో ముఖ్యంగా పెరిగేది, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చిన రెండు కాపీలూ చెడితేనే వచ్చే మొదటి రకం జబ్బులు. ఆ భయం నిజమైనదే. కానీ రెండువేల చోట్ల చెల్లాచెదురుగా ఉండే బీపీని దాని ఖాతాలో వేస్తే లెక్క కుదరదు. మేనరికం ఊసే లేని దేశాల్లోనూ నాలుగురోడ్ల కూడలికి పోయి నిలబడితే బీపీ వాళ్ళే ఎదురవుతారు.

ఇప్పుడు రెండో వైపు. సర్వరు మీద భారం అన్నాను కదా, అదేంటి?

వంశం మనకు జన్యువులు ఒక్కటే ఇవ్వదు. ఊరగాయ జాడీ కూడా ఇస్తుంది. మా ఇంట్లో రాగిసంకటిలోకి చెనిగ్గింజల ఊరిబిండి, అన్నంలోకి మొదటి ముద్ద ఊరగాయ, సాయంత్రం బజ్జీలు, రాత్రి మజ్జిగలో ఇంకో చిటికెడు ఉప్పు. జేజి చేతి కొలత అమ్మకు వచ్చింది, అమ్మ కొలత నా భార్యకు వచ్చింది. మూడు తరాలకు బీపీ ఉందంటే అందులో రక్తం వాటా ఎంతో, ఆ కొలత వాటా ఎంతో విడదీసేదెవరు? ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక చిన్న చెంచా. మనదేశంలో కొలిచిన చోటల్లా 8 గ్రాములు, ఆపైనే తేలుతోంది. 2001లో అమెరికాలో డ్యాష్-సోడియం అని ఒక ప్రయోగం చేశారు. మామూలు తిండి తినేవాళ్ళకు, తిండి మార్చకుండా, ఉప్పు ఒక్కటే బాగా తగ్గించి పెడితే పై అంకె సగటున 6.7 పాయింట్లు పడింది. ఏ ఒక్క జన్యువూ ఇంత చెయ్యదు.

ఊరు మారితే ఏమవుతుందో చూసినవాళ్ళు కూడా ఉన్నారు. కెన్యాలో పల్లెల నుంచి నైరోబికి పనికి పోయిన లువో తెగవాళ్ళను వెంబడించి కొలిస్తే (ఇది 1990లో అచ్చయింది), కొన్ని నెలల్లోనే వాళ్ళ బీపీ ఊళ్ళో ఉండిపోయినవాళ్ళ కంటే పైకి పోయింది. ఉప్పు పెరిగింది, బరువు పెరిగింది. నెలల్లో జన్యువులు మారవు కదా! మనదగ్గర 2005-07 మధ్య హైదరాబాదు, బెంగుళూరు, నాగపూరు, లక్నో ఫ్యాక్టరీల్లో ఇంకా చక్కటి పని చేశారు. పల్లె నుంచి వచ్చి ఫ్యాక్టరీలో చేరిన అన్ననూ, ఊళ్ళోనే ఉండిపోయిన తమ్ముణ్ణీ పక్కపక్కన పెట్టి చూశారు. అది ముఖ్యంగా ఊబకాయం, షుగరు మీద చేసింది. మగవాళ్ళలో ఊళ్ళో ఉన్నవాళ్ళకు షుగరు 6 శాతం చిల్లరైతే, పట్నానికి వచ్చినవాళ్ళలో 13-14 శాతం. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళు!

పులివెందుల నుంచి బెంగుళూరుకు, జమ్మలమడుగు నుంచి కువైట్‌కు, ప్రొద్దుటూరు నుంచి డల్లాస్‌కు పోయిన మనమందరం ఆ అన్నలమే. మా జేజబ్బ జన్యువులు ఆయన దగ్గర రోజుకు పది మైళ్ళు నడిచాయి. నా దగ్గర పన్నెండు గంటలు కుర్చీలో కూర్చున్నాయి. అదే కోడు, భారం వేరు.

ఇక మా సాఫ్టువేరు వాళ్ళ పిచ్చి గురించి కూడా చెప్పాలి. మా ఆఫీసులో ఒక మిత్రుడు వేలు పోసి జన్యు పరీక్ష చేయించుకున్నాడు. చిన్న గొట్టంలో ఉమ్మి పంపిస్తే రంగురంగుల రిపోర్టు వచ్చింది. అందులో "అధిక రక్తపోటు: సగటు రిస్కు" అని పచ్చరంగులో ఉంది. సంబరపడిపోయాడు. "ఒకసారి బీపీ చూసుకున్నావా?" అంటే "అవసరమేముంది?" అన్నాడు. బలవంతాన చూస్తే 158/100. మర్నాడూ అంతే. పచ్చరంగు రిపోర్టు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, లోపల గుండె మాత్రం ఓవర్‌టైము చేస్తోంది.

ఆ రిపోర్టు అబద్ధం అననక్కర్లేదు. కానీ ఆ లెక్కలు ఎవరిని చూసి కట్టారు? ఆ 2018 అధ్యయనంలో పదిలక్షల మంది అన్నానే, వాళ్ళందరూ ఐరోపా సంతతివాళ్ళు. 2024 దీ అంతే. ఒక జాతి మీద తయారుచేసిన స్కోరు ఇంకో జాతి మీద సరిగ్గా పనిచెయ్యదని ఈ రంగంలో ఉన్నవాళ్ళే చెప్తున్నారు. మా భాషలో చెప్పాలంటే, వేరే ఊరి డేటాతో ట్రైనింగ్ ఇచ్చిన మోడల్ అది. పులివెందుల మనిషి మీద నడిపితే ఏదో ఒక జవాబైతే ఇస్తుంది, అది సరైనదో కాదో దానికే తెలియదు. మనదేశంలో పదివేల మంది జీనోములు చదివిన జీనోమ్ ఇండియా డేటా పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది 2025 జనవరిలో. మంచి మొదలే, కానీ మొదలు మాత్రమే.

"అయితే జన్యు పరిశోధన అంతా దండగ అంటావా?" అని అడగొచ్చు. అనను. మా నాయన ఇప్పుడు వేసుకునే మాత్ర ఏ గొలుసు మీద పనిచేస్తుందో, ఆ గొలుసునే జన్యు పరిశోధన కూడా వేలెత్తి చూపింది. కాలేయంలో యాంజియోటెన్సినోజన్ అనే ప్రోటీను తయారవుతుంది. మూత్రపిండాల నుంచి వచ్చే రెనిన్ దాన్ని కత్తిరిస్తుంది, ఇంకో ఎంజైము మళ్ళీ కత్తిరిస్తుంది, చివరికి తయారైన పదార్థం రక్తనాళాలను బిగించి ఉప్పును ఒంట్లో నిలవబెడుతుంది. 1992లో బీపీతో సంబంధం ఉందని చెప్పిన మొదటి జన్యువుల్లో ఒకటి ఈ యాంజియోటెన్సినోజన్‌దే. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు ఈ గొలుసును ఒక్కోచోట ఆపుతాయి. తమాషా ఏంటంటే, ఆ మాత్ర పనిచెయ్యడానికి నీలో ఏ జన్యు మార్పు ఉందో నీకు తెలియనక్కర్లేదు! అట్లాగే, చాలా అరుదుగా, బీపీ కూడా ఒక్క లైను తప్పు వల్ల వస్తుంది. 1963లో వర్ణించిన లిడిల్ సిండ్రోమ్ అట్లాంటిది. ఇరవైలలోనే బీపీ బాగా ఎక్కువున్నా, రక్తంలో పొటాషియం తక్కువున్నా, రెండు మూడు మాత్రలకు కూడా లొంగకపోయినా, డాక్టర్ని "ఇంకేదైనా కారణం ఉందా?" అని గట్టిగా అడగాలి. జన్యు పరీక్షకు అసలు చోటు అక్కడ. పచ్చరంగు రిపోర్టులో కాదు.

మిగతా మనకందరికీ ఒక జన్యు పరీక్ష ఉంది, ఊరికే వస్తుంది. అమ్మకు ఉందా? నాయనకు ఉందా? జేజి ఎట్లా పోయింది, ఏ వయసులో? అంతే. ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఉప్పు, నడక, మందు అన్నిటినీ కలుపుకునే వచ్చింది, పైగా మన ఊరి డేటా మీద తయారైంది. జవాబు "ఉంది" అయితే నలభై దాకా ఆగకుండా ఇరవైల్లోనే ఏడాదికోసారి చూసుకోవడం మొదలుపెట్టాలి. 2018లోనే ఇంగ్లండు వాళ్ళ డేటాతో ఇంకో లెక్క వచ్చింది. జన్యు స్కోరు ఎక్కువున్నవాళ్ళలో కూడా, తిండీ నడకా బాగున్నవాళ్ళకు, బాగాలేనివాళ్ళ కంటే పై అంకె 4-5 పాయింట్లు తక్కువ. అంటే రాసిపెట్టి ఉన్నా కొంత చెరపొచ్చు. మిగిలినదానికి మాత్ర ఉంది, మామూలు రకమైతే రోజుకు కాఫీ ఖర్చు కూడా కాదు.

మన రాష్ట్రంలో 104 బండ్లు ఊళ్ళకు నెలకోసారి వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలు ఇచ్చిన రోజులు నాకు గుర్తు. అప్పుడు కూడా మా వీధిలో కొందరు "నాకేం జబ్బు లేదు" అని చెట్టుకింద కూర్చుని చూసేవాళ్ళు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 35.5 శాతం మందికి బీపీ. ముగ్గురిలో ఒకరికి పైనే. అది నొప్పి పెట్టదు, జ్వరం తేదు. అందుకే మన దగ్గర దానికి మాత్ర మాననివాళ్ళు తక్కువ.

నాకు ముప్పై ఆరో ఏట వచ్చింది, 150/96. నాయన చెప్పినట్టే "నీకూ వచ్చాది" అన్నది వచ్చింది. ఆయన మాటలో సగం నిజమైంది. మిగతా సగం, "ఎవడు తప్పించుకుంటాడ్రా" అన్నది, నిజం కానివ్వకూడదని ఆరేళ్ళుగా పొద్దునపూట ఒక మాత్ర, సాయంత్రం ఒక గంట నడక. ఊరగాయ మానలేదు, అబద్ధమెందుకు, వారానికి రెండుసార్లు చేశాను :)

కనుమ రోజు బీపీ మిషను జమ్మలమడుగులోనే వదిలేసి వచ్చాను. పోయిన ఆదివారం మామ పులివెందుల నుంచి ఫోన్ చేసినాడు. డాక్టరు దగ్గరికి పోయినాడంట, మాత్ర రాసిచ్చినారంట. "ఎన్నాళ్ళు మింగాలప్పా ఇది?" అని అడిగినాడు. ఆపమని డాక్టరు చెప్పేదాకా ఆపొద్దన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ నాయనకు ఇది ముందే చెప్పింటే బాగుండు" అన్నాడు.

చెప్పినాను మామా. నువ్వన్న మాటే ఆయనా అన్నాడు.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. ఈసారి విన్నప్పుడు తలూపొద్దు. మిషను తెచ్చి పక్కన కూర్చోండి.